కెన్యానా, టాంజానియానా, క్రూగరా? సెలవులు చూసుకుని, వచ్చేవాళ్ళని చూసుకుని సఫారీ ఎంచుకోండి

ఆఫ్రికా సఫారీకి ఏ దేశం మంచిది అని ఎవరైనా అడిగితే నేను తిరిగి రెండు ప్రశ్నలు వేస్తాను, మీకు సెలవులు ఎప్పుడు, మీతో ఎవరెవరు వస్తున్నారు. బడ్జెట్టు, ఏ జంతువులు చూడాలి అనేవి ఆ తర్వాత. సింహాలు, ఏనుగులు, జిరాఫీలు మూడు చోట్లా కనిపిస్తాయండి, అందులో డౌటే అక్కర్లేదు. తేడా అంతా మిగతా వాటిలో వస్తుంది. రోజుకి ఎన్ని గంటలు బండిలో కూర్చోవాలి, ఆ నెలలో అక్కడ వానలా ఎండలా, అమ్మ మోకాళ్ళు ఆ బండి మెట్టు ఎక్కనిస్తాయా, పాపకి ఆరేళ్ళు నిండాయా లేదా, ఇలాంటివి.

నేను మూడు సార్లు వెళ్ళాను. మొదటిసారి దసరా సెలవుల్లో కెన్యా, అమ్మ, మా ఆవిడ, ఏడేళ్ళ పాపతో. రెండోది ఒక ఫిబ్రవరిలో ఆఫీసు పని మీద నైరోబీ వెళ్ళి, పని అయ్యాక ఐదు రోజులు లీవు పెట్టి ఒక్కణ్ణే టాంజానియా. మూడోది మే నెలాఖరులో బావమరిది వాళ్ళతో కలిసి సౌతాఫ్రికాలో క్రూగర్ నేషనల్ పార్కు, మేమే కారు నడుపుకుంటూ. బోట్స్వానా వెళ్ళలేదు, రేట్లు చూసి ల్యాప్‌టాప్ మూసేశాను.

మన దగ్గర టైగర్ సఫారీకి అలవాటు పడ్డవాళ్ళకి ముందే చెప్తున్నా, ఇది వేరే లెక్క. తడోబాలోనో కబినిలోనో మూడు గంటలు జిప్సీలో తిరిగి, పాదముద్ర కనిపిస్తే సంతోషపడి, పొదల్లో పులి తోక కనిపిస్తే పండగ చేసుకుని వచ్చేస్తాం కదా. కెన్యా, టాంజానియాల్లో చాలావరకు గడ్డి మైదానమే, కనుచూపు మేర అడ్డమేమీ ఉండదు, అక్కడక్కడా గొడుగు విప్పి నిలబెట్టినట్టు తుమ్మ జాతి చెట్లు. గేటు దాటిన పది నిమిషాల్లో మొదటి జీబ్రా కనిపించింది, బండి ఆపించి నలభై ఫోటోలు తీశాం, డ్రైవర్ పాపం ఏమీ అనకుండా నవ్వుతూ ఆపాడు. రెండో రోజు సాయంత్రానికి జీబ్రాలు రోడ్డుకి అడ్డం వచ్చినా ఎవరూ తల ఎత్తి చూడలేదు. కెన్యాలో మసాయి మారా రిజర్వ్ చాలా పెద్దది అనుకుంటాం గానీ 1,510 చదరపు కిలోమీటర్లే, మన నాగార్జునసాగర్ శ్రీశైలం టైగర్ రిజర్వ్ దానికి రెట్టింపు పైనే ఉంటుంది. శ్రీశైలం ఘాట్‌లో కోతులు తప్ప ఏమీ చూడని మా అమ్మ, మారాలో ఒక్క పొద్దున పదకొండు సింహాల్ని లెక్కపెట్టింది.

బిగ్ ఫైవ్ అని ఏజెంట్లు ఊదరగొట్టే లిస్టు ఉంది చూశారా, సింహం, చిరుత, ఏనుగు, ఖడ్గమృగం, అడవి దున్న, అది పాతకాలం వేటగాళ్ళు కాలినడకన వేటాడటానికి ఏవి కష్టం, ఏవి ప్రమాదం అని చూసుకుని పెట్టుకున్న లిస్టు. చీతా, జిరాఫీ, హిప్పో అందులో లేకపోవడం అందుకే. ఆ లిస్టు పట్టుకుని టిక్కులు పెట్టుకుంటూ పోతే గైడు కూడా చిరుత కోసం మిమ్మల్ని రోజంతా పరుగులు పెట్టిస్తాడు, దారిలో హైనా పిల్లలు బొరియ బయటికొచ్చి ఆడుకుంటున్నా ఆపడు. మా గైడుకి మొదటి రోజే చెప్పేశా, మాకు లిస్టు లేదు బాబూ, నీకు ఏది బాగుందనిపిస్తే అక్కడ ఆపు అని, ఆ మాటతో మనిషే మారిపోయాడు.

మన సెలవులు, వాళ్ళ వానలు

మన స్కూళ్ళ వేసవి సెలవులు ఏప్రిల్ ఆఖరు నుంచి జూన్ రెండో వారం దాకా కదా. కెన్యా, టాంజానియాల్లో పెద్ద వానలు మార్చి ఆఖరు నుంచి మే దాకా. మారాలో చాలా చోట్ల నేల నల్లరేగడి, మా గుంటూరు వైపు వాళ్ళకి చెప్పక్కర్లేదు వాన పడ్డాక నల్లరేగడిలో బండి గతేంటో. కొన్ని క్యాంపులు ఏప్రిల్, మే మొత్తం మూసేస్తారు. తెరిచి ఉన్నవాటిలో రేట్లు బాగా తగ్గుతాయి, ఆ తగ్గిన రేటు చూపించి మన ఊళ్ళో సమ్మర్ స్పెషల్ ప్యాకేజీ అని అమ్ముతుంటారు, వానల మాట ఎత్తరు. అదే టైముకి క్రూగర్‌లో లెక్క తిరగబడుతుంది, అక్కడ వానలు అయిపోయి ఎండు కాలం మొదలవుతుంది, గడ్డి వాలిపోతుంది, ఆకులు రాలతాయి, నీటి గుంటలు ఎండిపోయి జంతువులన్నీ నదుల దగ్గరికి చేరతాయి, దోమలు కూడా తగ్గుతాయి. అందుకని పిల్లల వేసవి సెలవులు తప్ప ఇంకో టైమ్ దొరకదు అనేవాళ్ళు కళ్ళు మూసుకుని సౌతాఫ్రికా వైపు చూడండి. జూన్ మొదటి పది రోజులు దొరికితే కెన్యా కూడా పర్లేదు, వానలు తెరిపిస్తాయి, కాకపోతే వలస వచ్చే విల్డెబీస్ట్‌ల (ఆవులా కనిపించే పెద్ద జింక జాతి) గుంపులు అప్పటికింకా మారాకి చేరవు.

దసరా సెలవులు మారాకి బాగా కుదురుతాయి. పది లక్షలకి పైగా విల్డెబీస్ట్‌లు, వాటితో పాటు లక్షల్లో జీబ్రాలు గడ్డి కోసం సంవత్సరమంతా టాంజానియాలోని సెరెంగెటికీ మారాకీ మధ్య గుండ్రంగా తిరుగుతూనే ఉంటాయి, సుమారు జూలై నుంచి అక్టోబర్ దాకా ఉత్తరాన ఉంటాయి. టీవీలో చూపించే మొసళ్ళు, నది దాటడం, అదంతా ఈ నెలల్లోనే. డిసెంబర్ నుంచి మార్చి దాకా అవే గుంపులు టాంజానియాలోనే సెరెంగెటి దక్షిణాన న్డూటు వైపు ఉంటాయి, జనవరి ఆఖరు నుంచి ఫిబ్రవరి అంతా ఈనే కాలం. కాబట్టి సంక్రాంతికి ఇంకో రెండు వారాలు అటుగా లీవు దొరికేవాళ్ళకి టాంజానియా. క్రిస్మస్ సెలవుల్లో మాత్రం ఎక్కడికెళ్ళినా రేటూ ఎక్కువే, జనమూ ఎక్కువే, నా మాట వింటే ఆ పది రోజులు వదిలేయండి.

నది దాటడం చూడాలని చాలామంది ప్రాణం పెట్టుకుని వెళ్తారు, దాని గురించి ఉన్నది ఉన్నట్టు చెప్తాను. మేం మారా నది ఒడ్డున ఒక రోజు నాలుగున్నర గంటలు ఉన్నాం. అవతలి గట్టు మీద వేలల్లో నిలబడ్డాయి, ముందున్నది నీళ్ళ దాకా దిగుతుంది, వాసన చూస్తుంది, ఏమనిపిస్తుందో గిరుక్కున వెనక్కి తిరుగుతుంది, దాన్ని చూసి మొత్తం గుంపు వెనక్కి. మళ్ళీ అరగంటకి ఇంకోటి. మన గేదెలకి జలుబు చేస్తే ఎలా మూలుగుతాయి, అలాంటి మూలుగు వేల గొంతుల్లో ఆగకుండా. ఇటు గట్టు మీద ముప్పై నలభై బండ్లు, ఒకటే దుమ్ము, టాయిలెట్‌కి వెళ్ళే దిక్కు లేదు. చివరికి ఆ రోజు అవి దాటలేదు. మర్నాడు మేం చిరుతని చూస్తుండగా రేడియోలో స్వాహిలీలో ఏదో గోల వినిపించింది, గైడు బండి తిప్పేసి పరిగెత్తించాడు, వెళ్ళేసరికి ఆఖరి వంద నీళ్ళలో ఉన్నాయి. పది నిమిషాలు చూశాం అంతే. పాప ఏడ్చింది, ఒక దూడ తల్లిని వెతుక్కుంటూ దాటిన నదిలోకే మళ్ళీ దిగుతుంటే. మారాలో రెండు రాత్రులే పెట్టుకుని క్రాసింగ్ గ్యారంటీ అని చెప్పిన ఏజెంట్ ఎవరైనా సరే మీకు అబద్ధం చెప్తున్నట్టే. నాలుగు రాత్రులు ఉంటే అవకాశం బాగానే ఉంటుంది, గ్యారంటీ అప్పుడు కూడా లేదు.

కెన్యా: ఆరు రోజుల్లో నాలుగు పార్కులు అనే తప్పు

మేం చేసిన తప్పు మీరు చేయకండి. హైదరాబాద్‌లో ఒక ట్రావెల్స్ వాళ్ళ దగ్గర ప్యాకేజీ తీసుకున్నాం, ఆరు రోజులు, అంబోసెలీ, నైవాషా, నకురు, మారా. కాగితం మీద చూస్తే పెళ్ళి విస్తరిలా నిండుగా ఉంది. తీరా అంబోసెలీ నుంచి నైవాషా ఒక పూటంతా రోడ్డే, నకురు నుంచి మారా ఇంకో పూటంతా రోడ్డే. మొత్తం మీద జంతువుల్ని చూసిన గంటలకంటే లారీల వెనకాల వెళ్ళిన గంటలే ఎక్కువయ్యాయి. నైరోబీ నుంచి నరోక్ మీదుగా మారాకి ఐదారు గంటలు పడుతుంది, ఆఖరున పార్కు మట్టి రోడ్డెక్కాక ఒళ్ళు హూనం, దాన్ని వాళ్ళు నవ్వుతూ ఆఫ్రికన్ మసాజ్ అంటారు. అమ్మ రెండో రోజుకి నడుముకి బెల్టు కట్టేసుకుంది.

ఇప్పుడు ఎవరైనా అడిగితే ఆరు రోజులకి రెండే చోట్లు చెప్తాను, అంబోసెలీ రెండు రాత్రులు, మారా మూడు. అంబోసెలీ చిన్నది, 392 చదరపు కిలోమీటర్లు, అక్కడ చూడాల్సింది ఏనుగులు, వెనకాల కిలిమంజారో. కొండ 5,895 మీటర్లు గానీ రోజులో ఎక్కువసేపు మబ్బులో దాక్కుంటుంది, పొద్దున్నే ఆరున్నరకో, సాయంత్రం పొద్దుగూకే ముందో బయటపడుతుంది, అందుకే అక్కడ ఒక్క రాత్రి పెట్టుకుంటే ఆ ఒక్క పొద్దున మీ అదృష్టం ఎలా ఉంటే అలా.

డబ్బుల విషయంలో మారా ఫీజు ముందే తెలుసుకోండి. 2024 నుంచి విదేశీయులకి పెద్దవాళ్ళకి రోజుకి జనవరి నుంచి జూన్ దాకా 100 డాలర్లు, జూలై నుంచి డిసెంబర్ దాకా 200. ఒక్కొక్కళ్ళకి, ఒక్కో రోజుకి. అది పగటి పన్నెండు గంటలకే, వెళ్ళిపోయే రోజు పొద్దున పది లోపు బయటపడకపోతే ఇంకో రోజు లెక్క. ప్యాకేజీలో పార్కు ఫీజు కలిసి ఉందా లేదా అని రాతపూర్వకంగా అడగండి, ఫోన్‌లో చెప్పింది లెక్కలోకి రాదు.

రెండోది బండి. కెన్యాలో చవక ప్యాకేజీలన్నీ పైకప్పు లేచే వ్యాన్‌లో తిప్పుతారు, డబ్బు ఎక్కువ పెడితే ల్యాండ్ క్రూజర్. వ్యాన్ మెట్టు తక్కువ ఎత్తు, పెద్దవాళ్ళు సులువుగా ఎక్కుతారు, అది నిజంగా ప్లస్సే. కానీ బురదలో దిగబడుతుంది, వాగులు దాటలేదు. మాకు మాటిచ్చింది ల్యాండ్ క్రూజర్, నైరోబీలో దిగాక తలుపు ముందు నిలబడింది వ్యాన్, అడిగితే సీజన్ సార్ అన్నారు. కాబట్టి బండి రకం, అందులో ఎంతమంది, ప్రతి ఒక్కళ్ళకి కిటికీ సీటు ఉందా, ఈ మూడూ బుకింగ్ కాగితం మీదికి ఎక్కించుకోండి. ల్యాండ్ క్రూజర్ అయితే అమ్మలకి చిన్న ప్లాస్టిక్ స్టూల్ ఒకటి అడిగి పెట్టించుకోండి, సిగ్గేం లేదు.

ఇంకాస్త డబ్బు పెట్టగలిగితే రిజర్వ్ లోపల కాకుండా పక్కనే ఉన్న కన్సర్వెన్సీల్లో ఉండొచ్చు, మారా నార్త్, నబోయిషో, ఒలారే మోటోరోగి ఇలాంటివి. అవి మసాయి కుటుంబాల సొంత భూములు, క్యాంపులవాళ్ళు వాళ్ళకి కౌలు కడతారు. అక్కడ బండ్ల లెక్క కట్టుదిట్టంగా ఉంటుంది, రాత్రి డ్రైవ్ ఉంటుంది, రోడ్డు దిగి దగ్గరికి వెళ్ళనిస్తారు, గైడుతో నడవొచ్చు కూడా. మెయిన్ రిజర్వ్‌లో రాత్రి డ్రైవ్ లేదు. ఒక సింహం చుట్టూ పాతిక బండ్లు చూసి వచ్చినవాడిగా చెప్తున్నా, మూడు రాత్రుల్లో ఒక్కటైనా కన్సర్వెన్సీలో పెట్టుకుంటే ఆ డబ్బు దండగ కాదు.

టాంజానియా: దూరం ఎక్కువ, ఖర్చు ఎక్కువ, కానీ

సెరెంగెటి పార్కు ఒక్కటే 14,700 చదరపు కిలోమీటర్ల పైన, మారాకి పది రెట్లు దగ్గర దగ్గర. ఆ విశాలం ఉంది చూశారా, అది ఫోటోలో పట్టదు. అరూషా అనే ఊరి నుంచి సెరెంగెటి మధ్యకి రోడ్డు మీద ఏడెనిమిది గంటలు, కాకపోతే దారిలో గొరొంగొరో తగులుతుంది కాబట్టి ఎవరూ ఒకే దెబ్బలో వెళ్ళరు. ఇక్కడ వ్యాన్లు తక్కువ, ఎక్కువగా ల్యాండ్ క్రూజర్లే, అందుకే మొదలయ్యే రేటే కెన్యా కంటే పైన ఉంటుంది.

గొరొంగొరో అంటే ఎప్పుడో పేలి కూలిపోయిన అగ్నిపర్వతం నోరు. అంచు మీద నిలబడితే సుమారు 600 మీటర్ల కింద పళ్ళెంలా నేల, 260 చదరపు కిలోమీటర్లు. పొద్దున్నే అంచు అంతా మంచు కమ్మి ఎదురుగా ఏముందో తెలీదు, వంకర్లు తిరుగుతూ కిందికి దిగుతుంటే తెర లేచినట్టు ఒక్కసారి అంతా బయటపడుతుంది. బ్లాక్ రైనో చూడాలంటే ఇదే మంచి చోటు. జిరాఫీ మాత్రం ఆ పళ్ళెంలో ఉండదు, పైనే ఉంటుంది. మనిషి ఫీజు కాకుండా కిందికి దిగే ప్రతి బండికి విడిగా 250 డాలర్లు, పైన పన్ను, అందుకని ఒక్కళ్ళు, ఇద్దరు వెళ్ళేవాళ్ళకి గ్రూపు బండిలో చేరడం నయం, నేను అలాగే ఒక నలుగురితో కలిసిపోయాను. ఇంకో మాట, కింద హిప్పోల మడుగు పక్కన భోజనాల చోటు ఉంటుంది, అక్కడ బండి బయట కూర్చుని తినకండి. నా చేతిలో చికెన్ ముక్క నోటిదాకా వచ్చింది, వెనకనుంచి చెంప మీద గాలి కొట్టింది, చూస్తే ముక్క లేదు, గద్ద పైన ఉంది. బొటనవేలు మీద గీత నెల రోజులు ఉంది.

న్డూటులో చూసింది మాత్రం ఇప్పటికీ కళ్ళల్లోనే ఉంది. గుంపులో ఒక తల్లి పక్కకి వచ్చి పడుకుంది, లేచింది, మళ్ళీ పడుకుంది, దూడ కింద పడింది. తడిసి ముద్దగా ఉన్న కాళ్ళు నాలుగూ నాలుగు దిక్కులకి పోతున్నాయి. లేచి పడింది, లేచి పడింది, నేను వాచీ చూస్తున్నా, ఆరో నిమిషానికి నిలబడింది, పది దాటకముందే తల్లి వెనకాల పరిగెత్తుతోంది. అర కిలోమీటరు అవతల హైనాలు రెండు తీరిగ్గా కూర్చుని చూస్తున్నాయి. సెరెంగెటి పార్కు లోపల రోడ్డు దిగకూడదు గానీ న్డూటు గొరొంగొరో వాళ్ళ కింద ఉంటుంది కాబట్టి ఈనే కాలంలో దిగనిస్తారు, అంత దగ్గరగా చూడగలిగింది అందుకే. నన్నడిగితే నది దాటడం కంటే ఇదే గొప్పగా ఉంటుంది, గంటల తరబడి ఎదురుచూపులు లేవు, ఎటు తిరిగినా ఏదో ఒకటి జరుగుతూనే ఉంటుంది. చిన్నపిల్లలతో వెళ్ళేవాళ్ళు మాత్రం ఆలోచించుకోండి, పుట్టిన దూడల్లో కొన్నిటి కథ వాళ్ళ కళ్ళ ముందే ముగుస్తుంది.

టాంజానియాలో ఇంకో పేచీ సెట్సీ ఈగలు, టరంగీరే పార్కు వైపు, సెరెంగెటిలో చెట్లున్న చోట్ల. నీలం, నలుపు బట్టలకి ఎగబడి వస్తాయి. నేను జీన్స్ వేసుకెళ్ళాను. ప్యాంటు మీద నుంచే కుట్టాయి.

క్రూగర్: మనమే డ్రైవర్, మనమే గైడు

ఇది పూర్తిగా వేరే రుచి. పార్కు లోపల తారు రోడ్లు, బోర్డులు, పెట్రోల్ బంకులు, సూపర్ మార్కెట్‌తో సహా రెస్ట్ క్యాంపులు. జొహానెస్‌బర్గ్‌లో మామూలు కారు అద్దెకి తీసుకుని ఐదు గంటల్లో గేటు దగ్గర ఉంటాం. మనలాగే ఎడమవైపు డ్రైవింగ్, మన లైసెన్సు మీద ఇంగ్లీషు ఉంటుంది కాబట్టి పేచీ తక్కువే, అయినా ఇంటర్నేషనల్ పర్మిట్ ఒకటి తీసిపెట్టుకుంటే కౌంటర్ దగ్గర వాదన ఉండదు. తారు రోడ్డు మీద గంటకి 50, మట్టి రోడ్డు మీద 40 దాటకూడదు, నిజానికి జంతువులు కనపడాలంటే 25లో వెళ్ళాలి. చెప్పిన చోట్ల తప్ప కారు దిగకూడదు. చలికాలంలో సాయంత్రం ఐదున్నరకి క్యాంపు గేటు మూస్తారు, ఆలస్యమైతే జరిమానా.

మాకు బాగా నచ్చింది వంట. బంగళాల్లో చాలావాటికి చిన్న కిచెన్ ఉంటుంది, మా ఆవిడ కుక్కర్ పట్టుకొచ్చింది, మా చెల్లెలు కందిపొడి తెచ్చింది, రోజంతా ఏనుగుల్ని చూసొచ్చి రాత్రి పప్పుచారు అన్నం. వరండా నుంచి పది గజాల్లో కంచె, కంచె అవతల చీకట్లో ఒక హైనా అటూ ఇటూ పచార్లు, పక్కవాళ్ళు నిప్పుల మీద మాంసం కాలుస్తుంటే ఆ వాసనకి వచ్చింది. దానికి ఏమీ పెట్టకూడదు. ఊరికే నిలబడి మనల్నే చూస్తుంది.

ఇబ్బందులూ ఉన్నాయి. గైడు లేడు కాబట్టి చిరుత పక్కనుంచే దాటిపోతాం, తెలీదు. రోడ్డు దిగకూడదు, పొదలు దట్టం, మారాలో లాగా కిలోమీటరు దూరం కనపడదు. మా మూడో రోజు ఒక ఏనుగు, గున్న, వెనకాల ఇంకో పది, సరిగ్గా రోడ్డు మీదే మా వైపు నడుచుకుంటూ వచ్చాయి. మా బావమరిది స్టీరింగ్ మీద ఉన్నాడు, వెనక సీట్లోంచి మా చెల్లెలు "ఏమండీ వెనక్కి, ఏమండీ వెనక్కి" అని ఒకటే మంత్రం, అలా మూడు వందల మీటర్లు రివర్స్‌లో పోయాడు. ఆ ఏనుగు మమ్మల్ని పట్టించుకోను కూడా లేదు. అదే గైడున్న బండిలో అయితే అతను ఇంజిన్ ఆపి కూర్చునేవాడేమో, మాకేం తెలుసు. అందుకే మా సలహా, ఉన్న నాలుగైదు రోజుల్లో పార్కు వాళ్ళే నడిపే సన్‌సెట్ డ్రైవ్ రెండు తీసుకోండి, ఆరేళ్ళు నిండని పిల్లల్ని మాత్రం ఆ ఓపెన్ బండి ఎక్కనివ్వరు. డబ్బు ఉన్నవాళ్ళకి పక్కనే సాబీ సాండ్ ప్రైవేట్ రిజర్వ్ ఉంది, క్రూగర్‌కీ దానికీ మధ్య కంచె లేదు, అక్కడ చిరుత కనపడటం దాదాపు ఖాయం, రేటు కూడా అలాగే ఉంటుంది.

ఖర్చు మాటకొస్తే, మారాలో మోస్తరు లాడ్జి, బండి, తిండి, ఫీజులు కలిపి మనిషికి రోజుకి 300 నుంచి 500 డాలర్లు అనుకోండి, క్రూగర్‌లో మేమే నడుపుకుని మేమే వండుకుంటే అందులో సగం కంటే బాగా తక్కువ అయింది. రెస్ట్ క్యాంపులు పదకొండు నెలల ముందు నుంచే బుకింగ్ తెరుస్తారు, లోవర్ సాబీ, సటారా లాంటివి గబగబా అయిపోతాయి, దసరాకో వేసవికో అనుకుంటే ముందు సంవత్సరమే కూర్చోవాలి.

మలేరియా భయం ఎక్కువ ఉన్నవాళ్ళకి, బాగా చిన్నపిల్లలున్నవాళ్ళకి సౌతాఫ్రికాలోనే పిలానెస్‌బర్గ్, మడిక్వే ఉన్నాయి, అక్కడ మలేరియా లేదు. డర్బన్‌లో మనవాళ్ళు ఎవరైనా ఉంటే అటు వైపు హ్లుహ్లువే ఇంఫొలోజి కూడా చూడొచ్చు, 1895 నుంచి ఉన్న రిజర్వ్, వైట్ రైనో అంతరించిపోకుండా నిలబడింది అక్కడే. డర్బన్ చుట్టుపక్కల తెలుగువాళ్ళ తాతముత్తాతలు 1860 తర్వాత చెరకు తోటల్లో పనికి వెళ్ళినవాళ్ళు, ఆంధ్ర మహాసభ 1931 నుంచి ఉంది, ఆ పూట ఒకటి అటు కేటాయిస్తే నష్టం లేదు.

మిగతావి పొట్టిగా. బోట్స్వానాలో ఒకవాంగో డెల్టా, మొకోరో అనే సన్న పడవలో వెళ్ళడం, చిన్న విమానాల్లో క్యాంపు నుంచి క్యాంపుకి, మంచి క్యాంపులు రాత్రికి మనిషికి వెయ్యి డాలర్లు సులువుగా దాటుతాయి, హనీమూనో లాటరీనో అయితే చూడండి. గొరిల్లాలంటే ఉగాండాలో పర్మిట్ 800 డాలర్లు, రువాండాలో 1,500, పదిహేనేళ్ళు నిండాలి, కొండ ఎక్కాలి, అది సఫారీతో కలిపే ఖర్చు కాదు.

ఎక్కడికెళ్ళినా తప్పనివి

ఆఫ్రికా అంటే ఎండ అనుకుని కాటన్ చొక్కాలతో దిగుతాం. మారా పదిహేను వందల మీటర్ల పైన, గొరొంగొరో అంచు రెండు వేల మూడు వందల చిల్లర, తెల్లారి ఆరింటికి పైకప్పు తెరిచిన బండిలో చెవులు రాలిపోతాయి. జూన్‌లో క్రూగర్ పొద్దున్నలు కూడా అంతే. మంకీ క్యాప్ తీసుకెళ్ళమంటే మా ఆవిడ నవ్వింది, రెండో రోజు నా క్యాప్ తనే పెట్టుకుంది. మారా టెంట్‌లో మొదటి రాత్రి అమ్మ దుప్పట్లో కాళ్ళు పెట్టి ఒక్క కేక పెట్టింది, "ఒరేయ్, పక్కలో ఏదో ఉందిరా, వెచ్చగా మెత్తగా కదులుతోంది" అని. నేను టార్చి పట్టుకుని పరిగెత్తా. క్యాంపు కుర్రాళ్ళు పెట్టి వెళ్ళిన వేడినీళ్ళ బ్యాగు. ఆ తర్వాత ఏ రాత్రీ అది రాకపోతే పడుకోలేదు.

భోజనానికి భయపడకండి, కెన్యా, టాంజానియా లాడ్జిల్లో చపాతీ, పప్పు, ఏదో ఒక కూర ఉంటాయి, చపాతీ, సమోసా, చాయ్ వాళ్ళ సొంత తిండి అయిపోయి చాలాకాలమైంది. ఉగాలి అని తెల్ల మక్కజొన్న పిండితో చేస్తారు, రాయలసీమవాళ్ళకి సంకటి గుర్తొస్తుంది, పక్కన ఆకుకూర. ఎటొచ్చీ శుద్ధ శాకాహారులు బుకింగ్‌లోనే రాయించాలి, లంచ్ బాక్సుల్లో చికెన్ ముక్క దానంతటదే వచ్చి పడుతుంది.

పొడులు, పచ్చళ్ళు తీసుకెళ్తాం కదా, ప్లాస్టిక్ కవర్లలో కట్టకండి. కెన్యాలో 2017 నుంచి, టాంజానియాలో 2019 నుంచి ప్లాస్టిక్ క్యారీ బ్యాగులు నిషేధం, ఎయిర్‌పోర్ట్‌లో తీయిస్తారు. స్టీలు డబ్బా, గుడ్డ సంచి. కెన్యా పార్కుల్లో వాడి పారేసే నీళ్ళ బాటిళ్ళు కూడా 2020 నుంచి కుదరవు, ఇంట్లో స్టీలు బాటిల్ పట్టుకెళ్ళండి. చిన్న విమానంలో క్యాంపుకి వెళ్ళేట్టయితే 15 కిలోలే, అదీ మెత్తటి బ్యాగులో, చక్రాల సూట్‌కేస్ నైరోబీ హోటల్లో వదిలేయాల్సిందే. డాలర్లు కొత్త సిరీస్‌వి తీసుకోండి, పాతవి చాలాచోట్ల ముట్టుకోరు. గైడుకి టిప్పు మనిషికి రోజుకి పది డాలర్ల చుట్టుపక్కల అనుకుని విడిగా కవర్లో పెట్టుకోండి. బైనాక్యులర్ మనిషికొకటి, ఇంటికొకటి అంటే బండిలో యుద్ధమే. కెన్యాలో ప్లగ్ ఇంగ్లండ్ రకం, సౌతాఫ్రికాలో మన గీజర్‌కి వాడే లావు మూడు పిన్నుల ప్లగ్గే పడుతుంది, మేం ఇంట్లోంచి ఒక ఎక్స్‌టెన్షన్ బాక్స్ పట్టుకెళ్ళి ఆరు ఫోన్లు దానికే పెట్టాం.

అన్నిటికంటే ముఖ్యం పసుపు జ్వరం టీకా, ఎల్లో ఫీవర్. కెన్యా, ఉగాండా లాంటి దేశాల నుంచి తిరిగొచ్చేటప్పుడు మన దగ్గరే ఆ టీకా వేసుకున్నట్టు కార్డు అడుగుతారు, లేకపోతే ఆరు రోజుల దాకా క్వారంటైన్. టీకా వేసుకున్న పది రోజులకి గానీ కార్డు చెల్లదు, ఆ తర్వాత జీవితాంతం పనికొస్తుంది. హైదరాబాద్‌లో నారాయణగూడ ఐపీఎంలో (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్) వేస్తారు. కెన్యా నుంచి టాంజానియాకో, సౌతాఫ్రికాకో దాటినా అదే కార్డు అడుగుతారు, నమంగా బోర్డర్‌లో పాస్‌పోర్టు కంటే ముందు నన్ను అదే చూపించమన్నారు. అరవై దాటినవాళ్ళకి ఈ టీకా అందరికీ పడదు, డాక్టర్‌ని అడగాలి, ఆరోగ్యం చూసి వద్దంటే మినహాయింపు కాగితం రాసిస్తారు. మా అమ్మకి అరవై ఎనిమిది, మేం టికెట్లు తీశాక ఆ సంగతి తెలిసింది, ఆ వారం రోజులు ఇంట్లో ఎవరూ సరిగ్గా నిద్రపోలేదు. పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళు ఫ్లైట్ టికెట్ల కంటే ముందు ఆ డాక్టర్ దగ్గరికి వెళ్ళండి, ఆయన వద్దంటే క్రూగర్, సరే అంటే కెన్యా.